మాజీ సైనికుడికి సర్కారు కొలువు: రూల్లో ఉన్న వాటా ఎంత, దళితుడి దాకా వచ్చేదెంత?

నెల్లూరు తీరంలో ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు మండలాల దళితవాడల్లో భూమి లేని ఇంటికి సైన్యం కొలువు అంటే నెలనెలా జీతం, ఊళ్లో కాస్త మర్యాద. కానీ సిపాయిగా చేరినవాడు మామూలుగా 35 - 40 ఏళ్లకే బయటికొస్తాడు. పిల్లల చదువులు అప్పుడే మొదలై ఉంటాయి. రెండో కొలువు దొరకడం, దొరక్కపోవడం మీదే ఆ ఇంటి భవిష్యత్తు నడుస్తుంది.

హక్కు ఎక్కడ రాసి ఉంది?

కేంద్ర ఉద్యోగాలకు 1979 నాటి మాజీ సైనికుల పునర్నియామక నియమాలు ఆధారం. వాటి ప్రకారం గ్రూప్-సి పోస్టుల్లో 10 శాతం, గ్రూప్-డి పోస్టుల్లో 20 శాతం వాటా ఉంది. ప్రభుత్వరంగ సంస్థలు, బ్యాంకుల్లో ఇది 14.5 శాతం, 24.5 శాతం. ఇందులో 4.5 శాతం వికలాంగులైన మాజీ సైనికులకు, అమరుల కుటుంబాలకు. మన తీరానికి దక్షిణాన ఉన్న శ్రీహరికోట షార్ వంటి కేంద్ర సంస్థల నోటిఫికేషన్లను ఈ లెక్కతోనే చదవాలి.

ఆంధ్రప్రదేశ్‌లో వాటా 2 శాతమే. అదీ చట్టం కాదు. రాజ్యాంగం 309వ అధికరణ కింద చేసిన 1996 రాష్ట్ర, సబార్డినేట్ సర్వీసు నియమాల్లోని 22వ రూలు. ఉత్తరప్రదేశ్ మాత్రం 1993లోనే మాజీ సైనికులు, వికలాంగులు, స్వాతంత్ర్య సమరయోధుల వారసుల కోసం శాసనసభలో చట్టం చేసింది. తేడా చిన్నది కాదు. రూలును జీవోతో మార్చేయొచ్చు. చట్టాన్ని మార్చాలంటే సభలో చర్చ జరగాలి.

ఇక కృష్ణపట్నం ఓడరేవు ప్రైవేటు చేతుల్లో ఉంది. ఈ నియమాలేవీ దాని గేటు దాటి లోపలికి పోవు.

నిలువు, అడ్డం

ఎస్సీ, ఎస్టీ, బీసీలది నిలువు రిజర్వేషన్. మహిళలు, వికలాంగులు, మాజీ సైనికులది అడ్డం (హారిజాంటల్) రిజర్వేషన్. ఈ విభజనను సుప్రీంకోర్టు 1992లో ఇంద్రా సాహ్నీ తీర్పులో చెప్పింది. మాజీ సైనికుల కోటాలో ఎంపికైన దళితుణ్ని ఎస్సీ వాటాలోనే లెక్కిస్తారు. అంటే ఎస్సీలకు అదనంగా ఒక్క పోస్టు కూడా రాదు. ఉన్న పోస్టుల్లోనే ఒకటి మాజీ సైనికుడికి పోతుంది. అయితే మెరిట్‌లో ఓపెన్ పోస్టు పొందగలిగిన వాణ్ని కులం పేరుతో అక్కణ్నుంచి తప్పించకూడదు. 2020 నాటి సౌరవ్ యాదవ్ తీర్పు సారం ఇదే. మహిళల కోటా విషయంలో వచ్చిన ఆ తీర్పు సూత్రం మాజీ సైనికులకూ పనికొస్తుంది.

లెక్క వేసి చూస్తే

అడ్డం కోటాను రెండు రకాలుగా అమలు చేయొచ్చని 1995లో అనిల్‌కుమార్ గుప్తా కేసు చెప్పింది. మొత్తం పోస్టుల మీద లెక్కించడం ఒకటి, ఒక్కో కేటగిరీకి విడివిడిగా పంచడం రెండోది. విడివిడిగా పంచితే ఏమవుతుందో చూద్దాం. ఎస్సీ వాటా 15 శాతంలో 2 శాతం అంటే మొత్తంలో 0.3 శాతం. ఒక దళిత మాజీ సైనికుడికి ఒక్క పోస్టు రావాలంటే 333కు పైగా ఖాళీలు ఉండాలి.

2025లో రాష్ట్రం ఎస్సీ వర్గీకరణ తెచ్చింది: రెల్లి ఉపకులాలకు 1, మాదిగ ఉపకులాలకు 6.5, మాల ఉపకులాలకు 7.5 శాతం. అదే పద్ధతిలో 2 శాతాన్ని వీటిలోకీ పంచితే మాల సైనికుడికి సుమారు 667, మాదిగ సైనికుడికి సుమారు 770, రెల్లి సైనికుడికి 5,000 ఖాళీలకు ఒక్క పోస్టు. వర్గీకరణ తప్పని చెప్పడానికి కాదు ఈ లెక్క. 2 శాతం ఎంత పల్చటిదో చూపడానికి.

అగ్నివీరుల సంగతి

2022లో వచ్చిన అగ్నిపథ్‌లో నాలుగేళ్ల తర్వాత కొనసాగేది గరిష్ఠంగా 25 శాతం మందే. మిగిలినవారికి పింఛను లేదు, మాజీ సైనికుడి హోదా లేదు. హోదా లేకపోతే ఈ 2 శాతంలోనూ చోటు లేదు. తొలి బ్యాచ్‌ల నాలుగేళ్ల గడువు 2026 చివరి నుంచి ముగుస్తుంది. రాష్ట్రం చట్టం చేస్తే వీళ్ల గురించి అందులో రాయక తప్పదు.

దరఖాస్తుకు ముందు

- కేంద్ర పోస్టులకు వయసు లెక్కలో సైన్యంలో చేసిన సర్వీసును తీసేస్తారు. ఆ తర్వాత మిగిలిన వయసు గరిష్ఠ పరిమితిని మూడేళ్లకు మించి దాటకూడదు.
- పదో తరగతి పాసై 15 ఏళ్ల సర్వీసు ఉంటే, సాంకేతికం కాని కేంద్ర గ్రూప్-సి పోస్టులకు డిగ్రీతో సమానంగా చూస్తారు.
- కేంద్రంలో కోటా సాధారణంగా ఒక్కసారే. మొదటి ఉద్యోగంలో చేరకముందే వేరే పోస్టులకు దరఖాస్తు పెట్టి ఉంటే, చేరిన వెంటనే ఆ వివరాలు రాసివ్వాలి. అప్పుడే వాటికీ కోటా వర్తిస్తుంది.
- కుల ధ్రువపత్రం, డిశ్చార్జి బుక్కు రెండింటిలో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి.
- నెల్లూరులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదు చేసుకోవాలి.

అడగాల్సిన ప్రశ్న

అంబేడ్కర్ తండ్రి రాంజీ సక్పాల్ సుబేదారు. 19వ శతాబ్దం చివర్లో ‘యోధ జాతుల’ సిద్ధాంతం పేరుతో బ్రిటిష్ వాళ్లు మహర్లకు సైన్యం తలుపులు మూసేశారు. 1941లో మహర్ రెజిమెంట్ ఏర్పడింది. అంటే తుపాకీ పట్టే హక్కు కూడా మనకు ఎవరూ ఊరికే ఇవ్వలేదు.

ముత్తుకూరు మండలంలోని థర్మల్ కేంద్రానికి తొలి దళిత ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్య పేరుంది. పేర్లు పెట్టినంత సులువుగా పోస్టులు రావు. అందుకే విద్యార్థి సంఘాలు 2005 సమాచార హక్కు చట్టం కింద ప్రతి శాఖనూ మూడు సంగతులు అడగాలి. మాజీ సైనికుల కోటాలో నోటిఫై చేసిన పోస్టులెన్ని? నింపినవి ఎన్ని? వాటిలో ఎస్సీలు, ఉపకులాల వారీగా ఎందరు? ఆ అంకెలు చేతికొస్తేనే చట్టం కోసం గట్టిగా మాట్లాడగలం.