కలేజాలో జలగలు: ఒక దవా తారీఖ్

బకరీద్ నాడు మా ఇంట్ల మొదట పొయ్యెక్కేది కలేజానే. మా చిన్నప్పుడు ఓ ఏడు ఖసాయి చాచా కార్జం కోస్తే నాళాల్లోంచి చిన్న చిన్న ఆకుల్లాంటి పురుగులు బయటపడ్డయి. అమ్మీ "యా అల్లాహ్" అని తశ్తరీ పక్కకు నెట్టేసింది. "చెర్వు గడ్డి తిన్న జానవర్ బేటా, జలగలు పట్టినయ్" అన్నడు చాచా. "తింటే మనకూ ఈ మర్జ్ అంటుకుంటదా?" అనడిగింది అమ్మీ. జవాబ్ ఎవరికీ తెల్వదు.

చాచా మాటల అసలు సంగతి ఉంది. 1879-80లో ఇంగ్లండ్‌ల ఈ జలగలతోనే లక్షల గొర్రెలు చచ్చినయ్. అప్పుడు ఆక్స్‌ఫర్డ్‌ల థామస్, జర్మనీల లాయ్‌కార్ట్ ఎవరికి వాళ్లు తహ్‌ఖీఖ్ చేసి, 1883 నాటికి గుట్టు విప్పారు. జలగ గుడ్లు పేడతో నీళ్లలో పడతయ్. అందులోంచి వచ్చిన పిల్ల నత్తలో దూరి పెరుగుతది, బయటికొచ్చి గడ్డికి అంటుకుంటది. ఆ గడ్డి మేసిన గొర్రె, బర్రె కార్జంల మకాం పెడతది.

ఇలాజ్ మాత్రం అంత తొందరగా దొరకలేదు. 1920లలో కార్బన్ టెట్రాక్లోరైడ్ తాగించేవాళ్లు. అది జలగతో పాటు జానవర్ కలేజాను కూడా కాల్చేది! మర్జ్ కంటే దవాకే భయపడాల్సిన కాలం అది.

1970లలో మెర్క్ కంపెనీ క్లోర్సులాన్‌ను కనిపెట్టింది. నాకు ఈ తారీఖ్‌ల బాగా నచ్చిన ఘట్టం ఇదే. పిత్తనాళాల్లో ఆక్సిజన్ తక్కువ. అక్కడుండే జలగ చక్కెరను విరగ్గొట్టుకునే తాఖత్ తెచ్చుకోవాలె. ఆ పని చేసే కారీగర్లు ఎంజైములు. క్లోర్సులాన్ వాటిలో రెండింటి చేతులు కట్టేస్తది. పోగు అందని సిరిసిల్ల సాంచ లెక్క జలగ ఆగిపోతది. మన శరీరంలనూ ఆ ఎంజైములుంటయ్ గదా, మరి జానవర్‌కు ఏమీ కాదా? దవాలో కొంత భాగం ఎర్ర రక్తకణాలను పట్టుకుని తిరుగుతది. జలగ రక్తం తాగుతది గనక తన జహర్‌ను తానే మింగుతది. కాకపోతే ముదిరిన జలగల మీదే దీని జోరు. లేతవాటినీ చంపే ట్రైక్లాబెండజోల్ 1983లో వచ్చింది. మనుషుల కోసం దానికి అమెరికాల 2019లో ఇజాజత్ దొరికింది.

జగిత్యాల వైపు కాకతీయ కాలువ నీళ్లు, వరి మడులు నత్తలకు జన్నత్. కోరుట్లలో పశువైద్య కళాశాలే ఉంది, అయినా దవడ కింద నీరు దిగిన గొర్రెకు ఏదో ఒక దవా పోసి ఊకునే గొల్లన్నలు ఇంకా ఉన్నరు. డాక్టర్ సాబ్‌ను అడిగి, వానలకు ముందూ తర్వాతా తాపాలె.

అమ్మీ సవాల్‌కు ఇప్పుడు జవాబ్ తెలుసు. బాగా ఉడికిన కలేజా తింటే ఈ జలగ మనకు పట్టదు. అది పట్టేది నీళ్లతో, నీటి ఆకుకూరలు పచ్చిగా తింటే. అయినా పురుగులున్న ముక్క కోసి పారేయాలె, కుక్కలకు వేయొద్దు. ఇంకోటి: బకరీద్‌కు జానవర్ కొనేటప్పుడు చివరిసారి దవా ఎప్పుడు తాగించారో అడగండి. దవా తాగిన తర్వాత ఇన్ని రోజులు కోయొద్దని సీసా మీద రాసి ఉంటది.