మత్స్యవినోదము – ఒడ్డు మీది ఆట

మొన్నొక ఆదివారం ఉదయం, మా కొత్తగూడకు దగ్గరలోనే ఉన్న ఒక చెరువు పక్కగా నడుస్తుండగా చిన్న గలాటా కనబడింది. పన్నెండు పదమూడేళ్ళ పిల్లలిద్దరు కంచె సందులోనుంచి దూరి, నీటి అంచున రాళ్ళ మీద కూర్చుని గాలాలు వేసుకున్నారు. వెదురు పుల్ల, నైలాను దారం, బెండుకు బదులు పాత చెప్పునుంచి కోసిన రబ్బరు ముక్క. కాపలా మనిషి వచ్చి వాళ్ళను లేవగొట్టాడు. ఆయనను తప్పు పట్టను, అప్పగించిన పని అది. నా పక్కన నడుస్తున్న పెద్దమనిషి అన్న మాట మాత్రం నాతోబాటు ఇంటిదాకా వచ్చింది. "దొరల సరదాలు మన పిల్లలకెందుకండీ! చేపలు పట్టడం మనకు కూడో కులవృత్తో గాని, ఆట ఎప్పుడయింది?" అన్నాడాయన.

నిజమేనా? ఇంటికి చేరి పాత పుస్తకాలు, కాగితాలు తిరగవేశాను. తేలిన సంగతులు నలుగురితో చెప్పుకోదగినవని తోచి ఇది వ్రాస్తున్నాను.

కొత్తగూడకు ఉత్తరాన పోయే ముంబయి రహదారి పట్టుకొని పడమరగా సాగితే, 200 కిలోమీటర్ల లోపే కల్యాణి వస్తుంది. నేటి బసవకల్యాణం. ఇప్పుడది కర్ణాటకలోని బీదరు జిల్లాలో ఉన్నది గాని, 1956 దాకా హైదరాబాదు రాజ్యంలో భాగమే. అంతకు పూర్వం, పన్నెండవ శతాబ్దంలో, మనం నిలుచున్న ఈ నేల కూడా కల్యాణి చాళుక్యుల ఏలుబడిలోనిదే. అనుమకొండ కాకతీయులు అప్పటికింకా వారి సామంతులు. ఆ సింహాసనం మీద 1126 నుండి 1138 వరకు కూర్చున్నవాడు మూడవ సోమేశ్వరుడు. భూలోకమల్లుడని బిరుదు. కత్తి కంటె గంటమే ఎక్కువ పట్టిన రాజు. ఆయన వ్రాసిన సంస్కృత గ్రంథం 'మానసోల్లాసము' 1131 ప్రాంతపుది. దానికే 'అభిలషితార్థచింతామణి' అని మరొక పేరు.

ఇడ్లీ చరిత్ర, దోసె చరిత్ర వెదికినవారెవరికైనా ఈ పుస్తకం పేరు తెలిసే ఉంటుంది. ఆ వంటకాల పూర్వరూపాల ప్రస్తావన ఇందులో ఉన్నదని వ్యాసకర్తలందరూ చెప్పుకుంటారు. కాని ఈ గ్రంథం వంటింటితో ఆగదు. మొత్తం నూరు అధ్యాయాలు. ఇరవయ్యేసి అధ్యాయాలకు ఒక భాగం చొప్పున అయిదు భాగాలు, అందుకే ఒక్కొక్క భాగానికి వింశతి అని పేరు. నాలుగవ వింశతి అంతా వినోదాలు. మల్లయుద్ధము, కోడిపందెము, డేగవేట, గీతము, నృత్యము, కథ. వీటి నడుమ ఒక అధ్యాయం 'మత్స్యవినోదము'. అంటే గాలం వేసి చేపను పట్టే ఆట!

ఆ అధ్యాయం చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలిగించినది అందులోని ఓపిక. ముందు చేపలను తెలుసుకోమంటాడు రాజు. సముద్రపు చేపలేవి, నదుల చేపలేవి, పొలుసులున్నవేవి, లేనివేవి, దేని పరిమాణమెంత, ఏది ఎక్కడ మసలుతుంది అని సుమారు 35 రకాలను వర్ణిస్తాడు. ఆ తరువాత వాటి తిండి. పిండిముద్దలకు వచ్చేవాటికి పిండి, మాంసం కోరేవాటికి మాంసం. చేపలను ఒకచోటికి మరపి, మేపి, అలవాటు చేసిన తరువాతే గాలం సంగతి. ఆపైన కర్ర, త్రాడు, కొక్కెము, ఎర, చేప తగులుకొన్నప్పుడు పట్టు బిగించడం, సడలించడం.

వల వేస్తే ఒక్క గడియలో బుట్ట నిండుతుందని రాజుకు తెలియదా? ఆకలి తీర్చుకోవడమే లక్ష్యమైతే వల చాలును. ఇది వినోదం గనుక తన చేతిని తానే కట్టుకున్నాడు. ఒక కర్ర, ఒక దారం, ఒక కొక్కెం. అటు చేప, ఇటు మనిషి. ఆట అన్న మాటకు అర్థం అక్కడే మొదలవుతుందని నాకు అనిపిస్తుంది.

ఈ అధ్యాయం చాలాకాలం మరుగున పడి ఉంది. బరోడాలోని గాయక్వాడ్ ప్రాచ్య గ్రంథమాలలో మానసోల్లాసము మొదటి సంపుటం 1925లో వచ్చింది. వినోదాల భాగం ఉన్న రెండవ సంపుటం 1939లో వెలువడింది. చేపల శాస్త్రంలో ఉద్దండుడైన సుందర్‌లాల్ హోరా 1951లో ఈ మత్స్యవినోదం మీద ఒక వ్యాసం ప్రకటించి, దాన్ని శాస్త్రజ్ఞుల దృష్టికి తెచ్చాడు. 2005లో నళినీ సాధలే, వై. ఎల్. నెనె గార్లు మళ్ళీ ఈ శ్లోకాలను తీసుకుని, చేపల పేర్లను పోల్చి చూపే ప్రయత్నం చేశారు. ఆ వ్యాసం వెలువడిన పత్రిక మన సికింద్రాబాదుదే.

ఇక దొరల సంగతి. ఇంగ్లీషులో గాలం మీద అచ్చయిన తొలి పుస్తకంగా చెప్పుకునేది 1496 నాటిది. జూలియానా బెర్నర్స్ అనే సన్యాసిని వ్రాసినదని ప్రతీతి. అందరూ తలచుకునే ఐజాక్ వాల్టన్ 'ది కంప్లీట్ యాంగ్లర్' 1653లో వచ్చింది. అంటే సోమేశ్వరుడు మూడున్నర శతాబ్దాలకు పైగా ముందున్నాడు. అలాగని ప్రపంచంలో మనమే మొదలని చంకలు గుద్దుకోనక్కరలేదు. మాసిడోనియా ఏటిలో ఈకలతో చేసిన దొంగ ఈగను ఎరగా వేసి చేపలు పట్టేవారని సా.శ. 200 ప్రాంతంలో ఈలియన్ అనే రోమను రచయిత వ్రాశాడు. నీరున్న చోటల్లా ఈ సరదా పుట్టినట్టుంది. ఎవరి నుంచి ఎవరూ అరువు తెచ్చుకోనక్కరలేకపోయింది.

దొరలు మన దగ్గరకు వచ్చాక ఏం చేశారు? ఇద్దరి గురించి చెప్పాలి.

మొదటివాడు పాట్రిక్ రసెల్. 1781లో అన్నదమ్ముడితో విశాఖపట్నం వచ్చాడు. 1785లో ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రజ్ఞుడయ్యాడు. 1789లో తిరిగి వెళ్ళాడు. రక్తపింజరికి ఇంగ్లీషులో ఉన్న పేరు ఇతనిదే. ఇతడు విశాఖ తీరాన చేరిన చేపల్లో 200 రకాలకు బొమ్మలు వేయించి, వర్ణించి, 1803లో లండనులో రెండు సంపుటాలుగా అచ్చు వేయించాడు. ఆ పుస్తకంలో చేపల తలకట్టున మన పేర్లు కనబడతాయి, ఇంగ్లీషు చెవికి వినబడినంత మేర. సొర, పండు, బొంత వంటి మాటలు ఆ వింత స్పెల్లింగుల్లోంచి తొంగిచూస్తుంటే పాత స్నేహితులు పరాయి దుస్తుల్లో ఎదురైనట్టుంటుంది. ఆ పేర్లు చెప్పినది ఎవరు? విశాఖ జాలరులే కదా. పుస్తకం రసెల్‌ది, అందులోని తెలుగు వారిది.

రెండవవాడు హెన్రీ సల్లివన్ థామస్, మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి. 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా' వ్రాశాడు. 1887లో ప్రత్యేకంగా చెరువుల్లో గాలం వేయడం మీదనే 'ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా' అని మరో పుస్తకం తెచ్చాడు. చెరువే దిక్కయిన దక్షిణాది జిల్లాలలో బ్రతికినవాడు గనుక వాటి విలువ తెలిసింది. సన్నకన్ను వలలతో, విషంతో చేపపిల్లలను సంహరించడం మీద పోరాడినవారిలో ఇతడొకడు. నీటిలో విషం కలపడాన్ని, మందుగుండు పేల్చడాన్ని నిషేధించిన భారత మత్స్యపరిశ్రమ చట్టం 1897లో వచ్చింది.

ఒక్క విషయంలో మాత్రం దొరలు మనకంటె ముందుకు పోయారు. గాలం వేసేవాళ్ళంతా కలిసి సంఘాలు పెట్టుకున్నారు. సముద్రపు గాలం వాళ్ళకు ఇంగ్లండులో 1893లోనే ఒక సంఘం ఏర్పడింది. క్లబ్బుల సమాఖ్య 1904లో వచ్చింది. 1952లో రోము నగరంలో అంతర్జాతీయ సమాఖ్య పుట్టింది. ఆ సంఘాల ముచ్చటైన ఆచారం, ఒడ్డు మీది స్నేహపు పోటీ. తీరం పొడుగునా సమాన దూరంలో గుర్తులు పాతుతారు. ఎవరెక్కడ నిలబడాలో చీటీ తీసి నిర్ణయిస్తారు, ఎందుకంటే ఒడ్డంతా ఒకటి కాదు. ఒకచోట లోతు, ఒకచోట మేట. ఈల వేస్తే అందరూ ఒకేసారి మొదలు, మరో ఈలతో అందరూ ఒకేసారి ఆపు. ఇప్పుడు చాలాచోట్ల చేపను తూకం వేయరు, పొడవు కొలిచి నీళ్ళలో వదిలేస్తారు. కొన్ని పోటీల్లో నీ చేపను కొలిచి నీ చీటీ మీద సంతకం పెట్టేవాడు పక్కన నిలబడిన నీ ప్రత్యర్థే!

ఇది చదివినప్పుడు నాకు మా నాన్నగారు గుర్తొచ్చారు.

నా చిన్నతనం విశాఖలో గడిచింది. నాన్నగారూ ఆయన స్నేహితులు ముగ్గురూ ఆదివారాలు లాసన్స్ బే వైపు రాళ్ళ మీద గాలాలు వేసేవారు. పక్కనే జాలరిపేట. అలివి వల లాగేవాళ్ళు వీళ్ళను చూసి నవ్వుకునేవారు. "పంతులుగోరూ, మా తట్టలో రెండు తీసుకెళ్ళండి, ఎండలో ఎందుకీ తిప్పలు" అనేవాడొకాయన. నాన్నగారి పోటీకి ఏ పుస్తకమూ ఆధారం కాదు. అగ్గిపుల్లలు విరిచి వంతులు వేసుకుని రాయి ఎంచుకునేవారు. టేపు ఉండేది కాదు, చేపను జానతో కొలిచేవారు. ఎవరి జాన? అందరిలోకీ చిన్న చెయ్యి ఉన్న ఒకాయనది. అందరి చేపలకూ ఆ ఒక్క చెయ్యే కొలత. ఎక్కువగా జెల్లలు, గొరకలు పడేవి. పిల్లచేపలు లెక్కకు వచ్చేవి గాని ఇంటికి వచ్చేవి కావు, కొలవగానే నీళ్ళలోకి పోయేవి. ఓడినవాడు అందరికీ టీ ఇప్పించాలి.

ఒకనాడు చివరి చేప దగ్గర చిక్కు వచ్చింది. చిన్న చెయ్యి ఆయన నాన్నగారి చేపను కొలిచి "జానా నాలుగు వేళ్ళు" అన్నాడు. అంటే నాన్నగారు గెలిచినట్టే. నాన్నగారు వంగి చూసి, "తోక లాగి పట్టారు. మూడే వేళ్ళు" అన్నారు. ఓడిపోయారు. టీ డబ్బులు ఇచ్చారు. ఇంటికి వచ్చేదాకా నేను ఆయనతో మాట్లాడలేదు. నాకప్పుడు పదేళ్ళు. ఆ ఒక్క వేలి కోసం ఎన్నాళ్ళో ఉక్రోషపడ్డాను. ఆ మాటను గురించి ఆయన తరువాత ఎన్నడూ ఎత్తలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేరు.

సోమేశ్వరుడి వినోదానికి ఒక లోపం ఉంది. ఆ ఒడ్డున రాజు ఒక్కడే ఆటగాడు, తక్కినవారు పరివారం. రాజుతో చీటీ తీసి స్థలం పంచుకునేవాడెవడు? రాజు చేపను కొలిచి "మూడే వేళ్ళు" అనగలిగేవాడెవడు? ఊళ్ళలో పిల్లలు, పెద్దలు ఎఱ్ఱలు గుచ్చి గాలాలు వేస్తూనే వచ్చారు గాని, వారి ఆటను ఎవరూ శ్లోకాల్లో పెట్టలేదు. బెస్తలకు, గంగపుత్రులకు, ముదిరాజులకు, వాడబలిజలకు నీరు బ్రతుకుతెరువు. మన చెరువుల్లో చేప మీద హక్కు చాలాచోట్ల మత్స్యకారుల సహకార సంఘాలది, ఆ హక్కును ఆట పేరుతో ఎవరూ తుంచకూడదు. రాజుకు గ్రంథం, జాలరికి వృత్తి, పిల్లలకు అల్లరి. ఈ మూడూ ఒకే ఒడ్డున సమానంగా నిలిచే చోటు మాత్రం మనకు ఏర్పడలేదు. దొరల క్లబ్బులో నాకు నచ్చినది ఆ చోటే. నాన్నగారు రాళ్ళ మీద తనకు తెలియకుండానే కట్టుకున్నదీ అదే.

సోమేశ్వరుడు పోయిన పాతికేళ్ళకు, 1163 నాటికి, కాకతి రుద్రదేవుడు స్వతంత్రుడయ్యాడు. చాళుక్యుల వినోదాలు ముగిసి, పాకాల, రామప్ప, లక్నవరం వంటి చెరువుల కాలం వచ్చింది. ఆ చెరువుల వరుసలోనే చాలాకాలం తరువాత గోలకొండకు మంచినీరిచ్చిన దుర్గం చెరువూ వస్తుంది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనాక దాని చుట్టూ ఊరు పెరిగింది, నీటిలోకి మురుగు వచ్చింది, గుర్రపుడెక్క వచ్చింది. 2020లో పైన తీగల వంతెన వచ్చింది. వంతెన మీద నుంచి నీటిని చూసేవాళ్ళు వేలమంది. నీటి అంచున కూర్చుని బెండు కదలిక కోసం ఎదురుచూసేవాళ్ళు అరుదు. మురుగు చెరువులో గాలం వేసే పిల్లవాడికి నీటి సంగతి అందరికంటె ముందు తెలుస్తుంది. చేప పడకపోతే ఎందుకు పడలేదని అడిగేది వాడే. వాణ్ణి కంచె అవతలకు పంపితే ఆ ప్రశ్న కూడా పోతుంది.

అందుచేత ఆ పెద్దమనిషికి ఆనాడు చెప్పలేకపోయిన జవాబు ఇప్పుడు చెబుతున్నాను. అయ్యా, ఈ ఆట మనదే. కల్యాణి రాజు 900 యేళ్ళ క్రితమే దీనికి అధ్యాయం వ్రాశాడు. మనకు లేనిది గాలం కాదు, అందరూ చీటీ తీసి నిలబడగలిగిన ఒడ్డు.

మీ ఊరి చెరువుగట్టున గాలపు పందేలు జరిగేవా? ఎవరి జానతో కొలిచేవారు? గుర్తున్నవారు వ్రాసిపెట్టండి. సోమేశ్వరుడు వదిలిపెట్టిన అధ్యాయం అదే.