ఎగిరెడి దళము: లండను నగర పోలీసు చరిత్రలో నొక ఘట్టము

పరీక్షల దినములలో “ఫ్లయింగ్ స్క్వాడ్ వచ్చుచున్నది” అను వార్త పొక్కినంతనే చీటీలు కిటికీల గుండ బయటికి దూకుట నేను ఉపాధ్యాయుడనై యున్న కాలమున పలుమారులు చూచితిని. ఎన్నికల దినములలోను ఈ పేరు మీరు వినియే యుందురు. ఎగిరెడి దళమని దీని కర్థము. ఈ పేరు లోకమున ప్రసిద్ధి కెక్కుటకు ముఖ్యకారణము లండను నగరపు పోలీసు దళ మొకటి. దొంగకు మోటారు బండి చిక్కినప్పుడు రాజ్యము దాని కెట్లు బదులు చెప్పినది, ఆ బదులులోనే మఱియొక యపాయ మెట్లు పుట్టినది, అను రెండు విషయములును ఆ దళము కథ వలన తెలియును.

మన గ్రామములలో పూర్వము దొంగతనము జరిగినచో తలారి అడుగుల జాడ పట్టి పొలిమేర దాక పోయెడివాడు. ఆవలి జాడ పొరుగూరివారి పూచీ. దొంగయు తలారియు నిద్దఱును కాలినడకనే పోవుచున్నంత కాలము ఈ పద్ధతి చెల్లినది. దొంగ మోటారెక్కిన నాడు పొలిమేరలు చెఱిగిపోయినవి.

ఈ మార్పు లోకమునకు స్పష్టముగా కనబడినది పారీసు నగరమున. 1911 డిసెంబరు 21వ తేదీని బొన్నో ముఠా యని పేరొందిన దుండగులు, అంతకు కొలది దినముల ముందు దొంగిలించిన గొప్ప కారులో ఆర్డెనేర్ వీథికి వచ్చి, బ్యాంకు సొమ్ము గొనిపోవు బంట్రోతును పట్టపగలు కాల్చి, సొమ్ము దోచుకొని కారులో మాయమైరి. కారు దొంగతనము, బ్యాంకు దోపిడి, పలాయనము: మూడును ఒకే గొలుసులోని కడియములైనవి. కాలినడకను, సైకిళ్ళపైని, గుఱ్ఱములపైని తిరుగు రక్షకభటులు చూచుచు నిలిచిపోవలసి వచ్చినది. 1912 ఏప్రిలు 28వ తేదీని పారీసు చెంతనున్న షువాజీ-ల-రువా యను గ్రామమున నొక యింట దాగిన బొన్నోను ముట్టడించి, డైనమైటుతో ఇంటిని కూల్చి గాని అతనిని లొంగదీయలేకపోయిరి. ఆ గాయములతోనే అతడు మరణించెను.

ఏడేండ్లు గడచినవి. 1918 నవంబరులో మొదటి మహాయుద్ధము ముగిసినది. లండనులో నేరములు ప్రబలినవి. అచ్చటి పోలీసుశాఖ పెక్కు విభాగములుగా నుండెను. ఏ విభాగపు అపరాధ పరిశోధకులకు ఆ విభాగమే పొలిమేర. దొంగ యొక పేటలో దోచి, మఱియొక పేటలో దాగి, మూడవ పేటలో సొమ్మమ్ముకొనెడివాడు. ఈ లోపమును గుర్తించినవాడు ఫ్రెడరిక్ వెన్స్‌లీ యను అధికారి. 1888లో సామాన్య భటుడుగా చేరి, లండను తూర్పుపేటల సందుగొందులలో పెక్కేండ్లు అనుభవము గడించినవాడు. అతడు 1919 అక్టోబరులో 12 మంది పరిశోధకులను ఏర్చి, నగరమంతటను తిరుగు అధికారము వారి కొసగెను.

ఎగిరెడి దళమని పేరే గాని, మొదట వారి వాహనము గుఱ్ఱపు బండి! ఒక రైల్వే కంపెనీ నుండి బాడుగకు తెచ్చిన గూడుబండి. గూటిగుడ్డకు చిన్న రంధ్రములు పొడిచి, లోపల కూర్చుండి, వీథిలో తిరుగు పాత నేరస్థులను కనిపెట్టెడివారు. 1920లో వైమానిక దళమువారు వాడి విడిచిన రెండు క్రాస్లీ మోటారులు వీరికి లభించినవి. అవి గంటకు 35 మైళ్ళు పోగలిగినవి. నాడు ఆ దేశపు రోడ్లపై చట్టము అనుమతించిన వేగము 20 మైళ్ళే. ఆ యేటనే ఒక పత్రికా విలేఖరి వ్రాసిన మాట నుండి ఫ్లయింగ్ స్క్వాడ్ అను పేరు వీరికి స్థిరపడెను. కొలది కాలములోనే బండ్లకు వైర్‌లెస్ యంత్రములు అమర్పబడినవి.

బండి వేగము చాలదు, చట్టమును మారవలెను. 1916 నాటి ఆంగ్ల చౌర్య చట్టము ననుసరించి, వస్తువును యజమానికి శాశ్వతముగా లేకుండ చేయవలెనను తలంపు ఉన్నగాని అది దొంగతనము కాదు. “ఊరక తిరిగి వదలిపెట్టుటకు తీసికొంటిని” అని చెప్పి కారుదొంగ తప్పించుకొనుటకు సందుండెను. అందుచేత 1930 నాటి రోడ్డు రవాణా చట్టములో, యజమాని యనుమతి లేక బండి తోలుకొనిపోవుటయే ప్రత్యేక నేరముగా విధించిరి.

ఇక ముఠాల సంగతి. 1920 తరువాత గుఱ్ఱపు పందెముల మైదానములు ముఠాల కాటపట్టులైనవి. పందెములు కట్టించుకొను వ్యాపారులకు పలకమీద ధరలు వ్రాయుటకు సుద్దముక్కయు, తుడుచుటకు స్పంజియు అవసరము. ముఠావారు ఆ సుద్దముక్కనే అధిక ధరకు బలవంతముగా అంటగట్టెడివారు; కొననివానికి దెబ్బలు తప్పవు. సంతలలో చిల్లర వ్యాపారులను పీడించు రౌడీలను చూచినవారికి ఇది వింత కాదు. ఈ ముఠాల నణచుటకు ఎగిరెడి దళమును మైదానములకు పంపిరి.

దళపు కీర్తి శిఖరమునకు చేరినది 1948 జులైలో. హీత్రో విమానాశ్రయపు గిడ్డంగిలోని బంగారమును దోచుటకు, కాపలావారి టీలో మత్తుమందు కలుపుటకు ఒక ముఠా పన్నాగము పన్నినది. దళము ఈ విషయమును ముందే పసిగట్టెను. పరిశోధకులే కాపలావారి వేషము ధరించి, మత్తులో పడినట్లు నటించి, దొంగలు లోపలికి వచ్చిన పిదప లేచి కలియబడిరి. ఎనమండుగురు శిక్షల పాలైరి.

అయ్యలారా, ఇంతటితో కథ ముగించినచో అర్ధసత్యమే చెప్పినవాడ నగుదును. దొంగల రహస్యములు తెలియవలెనన్న దొంగలతో చెలిమి చేయవలెను. వారికి సొమ్ము ముట్టజెప్పవలెను. పొలిమేర లేని యధికారము, లెక్క యడుగరాని రహస్యము, జనుల జేజేలు: ఈ మూడును ఒకచోట చేరినప్పుడు కంచె చేను మేయుట కెంతయో కాలము పట్టదు. దళాధిపతి కెన్నెత్ డ్రూరీ ఒక అశ్లీల సాహిత్య వ్యాపారితో కూడి సైప్రసు ద్వీపమునకు విహారమునకు పోయినట్లు 1972లో ఒక పత్రిక వెల్లడించెను. ఆ యేటనే కమీషనరు పదవి చేపట్టిన రాబర్ట్ మార్క్, పోలీసులపైని ఫిర్యాదులను విచారించుటకు ప్రత్యేక శాఖను నెలకొల్పెను. 1977లో డ్రూరీకి లంచగొండితనమునకై న్యాయస్థానము 8 సంవత్సరముల కారాగారశిక్ష విధించెను. 1978లో దళమును పునర్నిర్మించి, దోపిడి నేరముల విచారణకే ప్రధానముగా నియమించిరి. పేరు మాత్రము నేటికిని నిలిచియున్నది.

మన కౌటిల్యుడు అర్థశాస్త్రమున కంటకశోధనమను ఒక అధికరణమునే రచించెను. ప్రజలకు ముండ్ల వంటివారిని ఏరివేయుట దాని విషయము. గూఢచారులచే దొంగలను పట్టు విధమును చెప్పిన యా యధికరణములోనే, ప్రభుత్వోద్యోగులను అదుపులో నుంచు విధమును గూడ అతడు చెప్పెను. ముల్లు తీయు ముల్లును ముల్లే యని ఆ పెద్ద యెఱుగును.

దొంగ వేగమును మించిన వేగము రక్షకునకు కావలెను, సందేహము లేదు. కాని తలారి జాడ పట్టి పోవునప్పుడు ఊరి పెద్దలు అతని వెంట నడచుటలో నొక ధర్మమున్నది. బండి యెంత వేగముగా పోయినను, దాని జాడ చూచువాడొకడు వెనుక నుండవలెను. ఆ కన్ను పెద్దలది, పత్రికలది, న్యాయస్థానములది. అది మూతపడిన నాడు ఎగిరెడి దళమునకును ఎగిరెడి దొంగకును భేదము తెలియదు.