యూట్: సోకు రాలి, పని మిగిలిన మాట

వెనుక సామాన్ల తొట్టి ఉన్న బండిని ఆస్ట్రేలియాలో ‘యూట్’ అంటారు. ‘కూపే యుటిలిటీ’కి ఇది పొట్టి రూపం. ఫ్రెంచిలో కూపే అంటే కోసినది. అలా కురచైన సోకు కారుకు ఆ పేరొచ్చింది. యుటిలిటీ అంటే పనికొచ్చే గుణం.

ఆదివారం చర్చికి, సోమవారం పందులతో సంతకు వెళ్లే బండి కావాలని 1932లో విక్టోరియా రైతు భార్య ఒకామె ఫోర్డ్‌కు ఉత్తరం రాసిందంటారు. జీలాంగ్‌లో ఆ కంపెనీ కుర్ర డిజైనర్ లూ బాంట్ కారు ముందుభాగాన్నీ తొట్టినీ ఒకే ఒళ్లుగా గీశాడు. 1934లో బండి రోడ్డెక్కింది.

ఆస్ట్రేలియాలో ఫోర్డ్ యూట్ల తయారీ 2016లో ఆగింది. మాట ఆగలేదు: ఇప్పుడు ఏ పికప్ అయినా యూటే. పేరులో సోకు రాలిపోయి, పని మిగిలింది.