తడి చెత్త, పొడి చెత్త

మా అంబాజీపేటలో కొబ్బరికాయకి చెత్త అనేది లేదు. డొక్క పీచు మిల్లుకి పోద్ది. చిప్ప బొగ్గుకి పోద్ది. ఈనెలు చీపురుకి, మట్టలు పొయ్యిలోకి. పీచు తీశాక రాలిన పొట్టుని కూడా కడియం నర్సరీలవాళ్ళు కొంటారు. కాయని ఒలిచి, దేనికది వేరు చేసి, దేని రేటు దానికి కట్టిన ఊరు మాది. అదే ఊళ్ళో ఇంటి చెత్త మాత్రం అంతా కలిసిపోయి గుమ్మంలోకొస్తుంది. దాన్ని వేరు చేసేది మా అమ్మ.

మేం రెల్లోళ్ళం. నెత్తిన తట్టతో దొడ్లు ఎత్తినన్నాళ్ళూ మా అమ్మమ్మని 'పాకీది' అన్నారు. అమ్మ మొదట్లో 'ఊడ్చేది'. స్వచ్ఛ కార్యక్రమాలొచ్చాక గ్రీన్ అంబాసిడర్. 2021లో క్లాప్ మిత్ర అన్నారు. అంబాసిడరంటే రాయబారి అని నేను డిక్షనరీ చూసి చెబితే, "ఏ రాజ్యానికిరా?" అంది. జిల్లాకి అంబేడ్కర్ పేరు పెడతామంటే 2022 మే 24న అమలాపురంలో ఇళ్ళూ బస్సులూ తగలబెట్టారు. మా పనికి ఇన్ని పేర్లు మార్చారు, ఒక్కడూ అగ్గిపుల్ల గియ్యలేదు. పేరు మారినా చెయ్యి మారదని వాళ్ళకి తెలుసు.

తెల్లారగట్ల అమ్మ ఈల ఊదుతుంది. తలుపు తీస్తారు, గేటు తియ్యరు. బక్కెట్టు గోడమీంచి అందిస్తారు. షెడ్డు దగ్గర బండి తిరగేస్తే పులిసిన అన్నం, చేప పొలుసు, మందు సీసాలు, పిల్లల డయపర్లు, నెత్తుటి గుడ్డలు. తడిది వానపాముల తొట్టెలోకి. సీసాలు, అట్టలు, ప్లాస్టిక్ దేనికదే. ఏ ఇంట్లో వాళ్ళు ఆ ఇంట్లోనే వేరు చేసి ఇవ్వాలనీ, నెత్తుటి గుడ్డలూ డయపర్లూ చుట్టి ఇవ్వాలనీ 2016 నియమాల్లోనే రాశారు. ఆ నియమం అమ్మకి చదివి వినిపించింది నేనే. నవ్వింది.

నేను డిగ్రీలో ఉండగా బ్లేడు దిగి అమ్మ అరచెయ్యి చీరుకుపోయింది. బదులుగా నేను వెళ్ళాను. "అమ్మగారూ, తడిదీ పొడిదీ వేరుగా ఇవ్వండి" అని ఒకింట్లో అడిగాను.

"మేమే వేరు చేసుకుంటే మీరెందుకు?"

ఆ ఇంట్లో అమ్మకి మంచినీళ్ళ గ్లాసు వేరు, గోడ కన్నంలో ఉంటుంది. పనోడికి కంచం వేరు. ఆ మూడు రోజులూ కోడలికి చాప వేరు. మనుషుల్ని ఇంత జాగ్రత్తగా వేరు చేసే ఇంట్లో అన్నం మెతుకునీ బ్లేడునీ వేరు చేసే తీరిక లేదు!

మలం ఎత్తించకూడదని 1993లో చట్టం వచ్చింది. కోలారు గనుల తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఆయనతోటివాళ్ళు ఊరూరా తిరిగి దొడ్లు కూలగొట్టించారు, తట్టలు తగలబెట్టించారు. 2013లో ఇంకో చట్టం. వాటిల్లో దొడ్లున్నాయి, కాలవలున్నాయి, గుంటలున్నాయి. డయపరు లేదు. మలాన్ని అందులో చుట్టి ఇస్తే 2016 నియమాల్లో అది పొడి చెత్త అయింది. తట్ట మాత్రం అమ్మమ్మ నెత్తి మీంచి అమ్మ బండిలోకి దిగింది.

మర్నాడు నేను ఆ ఇంటి బక్కెట్టు ముట్టుకోలేదు. ఆ తర్వాత రోజూ ముట్టుకోలేదు. మూడోరోజు అమ్మకి ఫోనొచ్చింది. "ఆయ్, ఆయ్ అమ్మగోరూ" అంటానే ఉంది. ఫోను పెట్టేసి నన్ను తిట్టింది. కట్టు కట్టిన చేత్తోనే ఈల మెళ్ళో వేసుకుని వెళ్ళిపోయింది.