కొండకు వచ్చినవాళ్ళు, కొండ దిగే స్వామి

1830 మే 18న మద్రాసు నుంచి ఓ పెద్ద బలగం కాశీకి బయలుదేరింది. పల్లకీ, బోయీలు, డేరాలు, వంటవాళ్ళు, బంధువులు, పరిచారకులు, అంతా కలిసి వందమంది దాకా ఉంటారు. యజమాని ఏనుగుల వీరాస్వామయ్య, మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటరు. తిరుపతి, కడప దాటి, అహోబిలం మీదుగా శ్రీశైలం చూసుకొని హైదరాబాదు చేరాడు. దారిపొడవునా స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళకు రాసి పంపిన సంగతులే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయ్యాయి.

ఆ పుస్తకంలో భక్తి కన్నా లెక్కే నన్ను ఎక్కువగా ఆకట్టుకుంటుంది. ఊరు చేరగానే ఆయన చూపు ముందు నీళ్ళ మీద పడుతుంది. తర్వాత దిగడానికి చోటుందా, దినుసులు దొరుకుతాయా, ముందున్న దారి ఎలాంటిది అని ఆరా తీస్తాడు. దేవుడి సంగతి ఆ తర్వాతే. వందమందికి పూటపూటా అన్నం పెట్టాల్సిన మనిషికి అది సహజమే. పేటలూ బజార్లూ ఉన్న పట్నాల్లో ఇలాంటి కంటికి కావలసినంత మేత దొరుకుతుంది. నల్లమల అంచున ఉన్న అహోబిలంలో చూడటానికి పేటలు ఎక్కడివి? దిగువన గుడి, మధ్యలో అడవి, ఎగువన మరో గుడి, వాటిని దాటితే చీలిన కొండచరియలు. అయినా పట్నాలవాళ్ళు వస్తూనే ఉన్నారు. ఎవరి కళ్ళకు తగ్గ అహోబిలం వాళ్ళకు కనబడింది.

వచ్చినవాళ్ళలో, పాటగా చెప్పినవాళ్ళలో అందరికన్నా ముందు పేరు తిరుమంగై ఆళ్వారుది. ఎనిమిదో శతాబ్దం ప్రాంతం వాడంటారు. ఈ కొండ మీద తమిళంలో పది పాశురాలు చెప్పాడు. ఆ పదివల్లే అహోబిలం 108 దివ్యదేశాల్లో చేరింది. కావేరి నీళ్ళు పారే చోళదేశం నుంచి వచ్చినవాడికి ఇక్కడ కనబడినవి ఎండకు కాగిన రాళ్ళు, సుడిగాలులు, విల్లు పట్టిన వేటగాళ్ళు. దేవతలకు తప్ప ఇంకెవరికీ చేరరాని చోటని తేల్చేశాడు. క్షేత్రం గొప్పదనాన్ని దాని దుర్గమత్వంతోనే కొలిచాడు. అది స్తుతో, అలిసిన కాళ్ళ ఫిర్యాదో విడదీయలేం. చైత్ర వైశాఖాల్లో జ్వాలా నరసింహుడి గుహ దాకా ఎక్కినవాళ్ళెవరూ ఆయన అతిశయోక్తి చెప్పాడని అనరు.

రాజుల చూపు వేరు. 1515 డిసెంబరులో శ్రీకృష్ణదేవరాయలు ఇక్కడికి వచ్చాడు. ఉదయగిరి, కొండవీడు అప్పటికే చేతికొచ్చాయి, గజపతుల మీద యుద్ధం ఇంకా ముగియలేదు. స్వామికి వజ్రాల హారం, కెంపుల కడియాలు, బంగారు పళ్ళెం, 1000 వరహాలు సమర్పించినట్టు శాసనం చెబుతుంది. ఆ దండయాత్రలోనే ముందుకు సాగి 1516లో సింహాచలం చేరాడు. అక్కడా నరసింహుడే, అక్కడా కానుకలే. మొక్కు ఎంతో రాజకీయం ఎంతో తూచడం కష్టం కాని, సీమ నుంచి కళింగం దాకా సాగిన సేనకు రెండు చివర్లలోనూ ఒకే దేవుడుండటం రాయలకు కలిసొచ్చిన మాట నిజం.

అడవిలో ఇంత సొమ్ముందని తెలిస్తే భక్తులు మాత్రమే వస్తారా! 1579లో గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా సేన వచ్చిపడింది. దానికి తోడు నిలిచినవాళ్ళు హండే నాయకులు, ఈ సీమవాళ్ళే. దీన్ని రెండు మతాల పోరుగా మాత్రమే చెప్పుకునేవాళ్ళు ఈ పేరును ఎందుకో దాటేస్తారు. గుడి అయిదారేళ్ళు వాళ్ళ చేతిలో ఉండిపోయింది. అహోబిల మఠం జీయరు విజయనగర రాజు శ్రీరంగరాయల దగ్గర మొరపెట్టుకున్నాడు. రాయలు పంపగా కొండ్రాజు సోదరులు 1584 ప్రాంతంలో గుడిని విడిపించారు. అందుకు వాళ్ళకు దక్కిన మర్యాదల్ని శాసనం చెక్కి మరీ దాచింది.

మఠం మాట వచ్చింది కాబట్టి, సంప్రదాయం ప్రకారం దాని తొలి జీయరు ఆదివణ్ శఠకోప యతి. తాళ్ళపాక అన్నమాచార్యులు వేదాంతం చదువుకున్నది ఆయన దగ్గరే అంటారు. మఠం వారి ఆరాధ్యమూర్తి మాలోలుడు, ఒడిలో లక్ష్మిని కూర్చోబెట్టుకున్న నరసింహుడు. గుడి కొండ మీదే ఉంది, ఉత్సవమూర్తి మాత్రం జీయరు ఎక్కడికి వెళ్తే అక్కడికి వెళ్తుంది. అహోబిలంలో కొలువైన తొమ్మిది మంది నరసింహుల్లో ఒకరు ఎప్పుడూ ప్రయాణంలోనే ఉంటారన్నమాట.

ఇప్పటి యాత్రికుడికి ఆళ్ళగడ్డ నుంచి బస్సుంది. ఆళ్ళగడ్డలో ఉలి చప్పుడు వినబడుతుంది, అమ్మకానికి నిలబెట్టిన రాతి దేవుళ్ళు కనబడతారు. దిగువ అహోబిలంలో ప్రహ్లాదవరదుడి గుడి, విజయనగర కాలపు మండపాలు, సత్రాలు. ఎగువకు మరో ఎనిమిది కిలోమీటర్లు. అక్కడి నుంచి భవనాశిని వాగు వెంట నడక, చేతికర్ర, కోతుల బెడద. ఉగ్రస్తంభమని చూపించే కొండ నిలువునా చీలి ఉంటుంది. స్తంభం చీల్చుకొని స్వామి వచ్చింది ఇక్కడేనంటారు. నా మటుకు నాకు ఏ శిల్పి చెక్కిన స్తంభం కన్నా ఈ బండే కథకు సరిపోయినట్టుంటుంది. తొమ్మిదీ ఒక్కరోజులో ముగించాలని పరుగెత్తేవాళ్ళకు ఫొటోలు మిగులుతాయి, మోకాళ్ళ నొప్పులు మిగులుతాయి. పావన నరసింహుడి దారి అన్నిటికన్నా కష్టం. చుట్టుపక్కల పల్లెలవాళ్ళకు ఆయన పాములేటి స్వామి. శనివారాల్లో వాళ్ళు వచ్చే తీరు వేరు, తెచ్చే మొక్కులు వేరు.

వచ్చినవాళ్ళంతా కొండను బయటినుంచి చూశారు. అక్కడే పుట్టి పెరిగిన చెంచులు ఏం చూశారో ఏ శాసనమూ చెప్పదు. ఆళ్వారు పాటలో విల్లు పట్టుకొని కనిపించిన వేటగాళ్ళు వాళ్ళ పూర్వీకులే కావచ్చు. వాళ్ళ కథలో స్వామి తమ ఆడపడుచు చెంచులక్ష్మిని చేసుకున్న అల్లుడు. 1943లోనూ 1958లోనూ ఆ కథ సినిమాగా వచ్చింది. అహోబిలం ఎన్నడూ చూడనివాళ్ళకు కూడా చెంచులక్ష్మి తెలిసింది అలాగే.

అల్లుడన్నాక పండక్కి ఇంటికి రావాలి. కనుమ నాడు పార్వేట మొదలవుతుంది. చెంచులు పల్లకీ వైపు బాణాలు వేసి స్వామిని సాగనంపుతారు. ఎగువ జ్వాలా నరసింహుడు, దిగువ ప్రహ్లాదవరదుడు ఒకే పల్లకీలో కూర్చొని సుమారు 40 రోజులు ఆళ్ళగడ్డ, రుద్రవరం, ఉయ్యాలవాడ, చాగలమర్రి ప్రాంతాల్లోని 30కి పైగా ఊళ్ళు తిరుగుతారు. ఏ రోజు ఏ ఊరో, రాత్రి మజిలీ ఎక్కడో ముందే లెక్క కట్టి ఉంటుంది. ఊరి అరుగు మీద పల్లకీ దిగిన రోజే చాలా పల్లెల్లో అసలు సంక్రాంతి. అత్తవారిళ్ళకు వెళ్ళిన ఆడబిడ్డలు క్యాలెండరు పండక్కి రాకపోయినా ఆ రోజుకు వచ్చేస్తారు.

దేవుడు ఎందుకు ఊరూరా తిరగాలని పల్లెల్లో అడిగితే, తన పెళ్ళికి తానే పిలవడానికి వచ్చాడంటారు. ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలు, కల్యాణం. అప్పటికి పల్లకీ దిగువ అహోబిలం చేరి తీరాలి. ఆ వెనకే పిలుపు అందుకున్న ఊళ్ళ ట్రాక్టర్లు, ఆటోలు, ఇంకా వదలకుండా కట్టుకొస్తున్న ఒకటో రెండో ఎద్దుల బండ్లు కొండదారి పడతాయి.