మూడో రకం

మాఘమాసం, పొద్దున్నపూట. అనకాపల్లి బెల్లం మార్కెట్లో దిమ్మల వరసల మధ్య ఇరుకు సందులో నడుస్తున్నారు మీరు. అడుగు తీసి అడుగు వేస్తుంటే చెప్పులు నేలకి అంటుకుంటున్నాయి. ఈగలు, తీపి వాసన, "తప్పుకోండి బాబూ" అంటూ దిమ్మలెత్తుకుని పోయే కలాసీలు. ఈ వరస లేత పసుపు, ఆ వరస ఎరుపు, ఆ చివరిది ముదిరి నలుపులోకి దిగింది. ఇక్కడ రంగుని బట్టే ధర.

ఆ నల్ల వరస పక్కన నిలబడ్డాయన మునగపాక వైపు రైతు. వేలంపాట ఆయన సరుకు దగ్గరికి వచ్చింది. కొనేవాడు వంగి, ఒక దిమ్మ అంచుని బొటనవేలితో నొక్కి, చిన్న పెళ్ల విరిచి వెలుతురుకేసి తిప్పి చూశాడు. నోట్లో కూడా వేసుకోలేదు.

"మూడో రకం."

అంతే, పక్క వరసకి వెళ్లిపోయాడు. రైతు దవడ బిగుసుకోవడం మీకు కనిపిస్తూనే ఉంది. భుజం మీది తువ్వాలు తీసి చేతికి చుట్టుకుంటున్నాడు, విప్పుతున్నాడు, మళ్లీ చుట్టుకుంటున్నాడు.

"పోన్లే బావా, కిందటేడు ఈమాత్రం కూడా రానేదు కదా" అన్నాడు వెంట వచ్చిన బావమరిది.

"నువ్వు నోరుముయ్యరా!"

బావమరిది చెప్పినది అబద్ధం కాదు. కానీ కోపం నెత్తికెక్కి ఉన్నప్పుడు ఎంత మంచి మాటైనా లోపలికి పోదు. మనస్తత్వవేత్త గాల్ షెప్పెస్, ఆయన తోటి పరిశోధకులు 2011లో అచ్చేసిన ప్రయోగాల్లో ఇదే కనిపించింది. బాధ కొద్దిగా ఉన్నప్పుడు మనుషులు దాన్ని ఇంకో కోణంలో ఆలోచించి సర్దుకుంటున్నారు. తీవ్రంగా ఉంటే మాత్రం ఆలోచన జోలికి పోకుండా మనసునే పక్కకి మళ్లిస్తున్నారు. అది పిరికితనం కాదు, ఆ క్షణానికి కావలసిందే అది. కాబట్టి ఇప్పుడు హితబోధ వద్దు. ఆయన్ని టీ బడ్డీకి తీసుకెళ్లండి.

బడ్డీ దగ్గర ధర ఊసెత్తకండి. కొత్త అమావాస్యకి నూకాలమ్మ జాతర ఉంది, ఆయన కూతురికి ఇంటర్ పరీక్షలున్నాయి. వాటి గురించి అడగండి. రెండో టీ సగంలో ఉండగా తువ్వాలు మళ్లీ భుజం మీదికి చేరింది.

ఇప్పుడు డబ్బు తీసుకోవాలి. షావుకారు కొట్లోకి అడుగుపెడుతూనే ఆయన ముఖం మారిపోయింది. "నమస్కారం షావుకారుగారూ" అంటూ నవ్వాడు. లోపల మంట అలాగే ఉంది. ఆ నవ్వుని నేను తప్పుపట్టను. వచ్చే పంటకి పెట్టుబడి ఆ బల్ల మీంచే రావాలి, అరగంట పళ్ల బిగువున ఉండటం ఆయనకి అవసరం. అయితే ఇలా దిగమింగుకోవడం ముఖాన్ని మారుస్తుంది తప్ప లోపలి బాధని తగ్గించదు. మనసుని అదుపులో పెట్టుకునే మార్గాలకి 1998లో మనస్తత్వవేత్త జేమ్స్ గ్రాస్ ఒక వరస చెప్పాడు. చికాకుపెట్టే చోటికి పోకపోవడం, పోయినచోట పరిస్థితిని మార్చడం, దృష్టి మళ్లించుకోవడం, వేరే అర్థంలో చూడటం అన్నీ అయ్యాక చిట్టచివరిది ఈ దిగమింగడం. కొట్టు వరకూ సరే, దాన్ని ఇంటిదాకా మోసుకుపోవడమే ప్రమాదం.

ఆయన మోసుకుపోయాడు. అచ్యుతాపురం రోడ్డు మీద లారీల వెనక ఆటో ఆగి ఆగి నడిచినంతసేపూ పెదవి విప్పలేదు. ఇంటికి చేరగానే భార్య ఎదురొచ్చింది.

"ఏటయ్యింది మావా?"

"ఏటీ నేదు."

చెంబు అందించబోయిన ఆమె చెయ్యి ఆగింది. ఆమెకి అర్థమైపోయింది, ఇంకేమీ అడగలేదు. అన్నం వడ్డిస్తుంటే గరిటె గిన్నెకి ఠంగున తగిలింది. ఎమిలీ బట్లర్ పరిశోధక బృందం 2003లో ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి, మాట్లాడించి పరిశీలించింది. ఒకరు భావాన్ని ముఖంలో కనపడనీయకుండా మాట్లాడితే, ఎదుట కూర్చున్న మనిషికి కూడా రక్తపోటు పెరిగింది. "మూడో రకం అన్నాడే" అని ఆ ఒక్క ముక్క ఆమెకి చెప్పుకొని ఉంటే!

సాయంత్రం గానుగ దగ్గర మీరూ కూర్చోండి. పొయ్యిలో ఎండు చెరకు పిప్పి భగ్గుమంటోంది. పెనంలో రసం పొంగుతుంటే ఆయన వంగి పైకి తేలిన మడ్డిని తీసి పారబోస్తున్నాడు. తీసినచోట మళ్లీ తేలుతోంది, మళ్లీ తీస్తున్నాడు. పాకం చుక్క నీళ్లలో వేసి, వేళ్లతో నలిపి, ఉండకట్టిందో లేదో చూస్తున్నాడు. ఈ పని దగ్గర పరధ్యానం పనికిరాదు, రెప్పపాటు ఆలస్యమైతే మాడుతుంది. పొద్దుటి నుంచీ బిగుసుకుపోయిన ఆ భుజాలు ఇక్కడికొచ్చాకే కిందికి దిగాయి.

"మన రాత బావా. నలుపొచ్చింది, ఏటి చేస్తాం?" అన్నాడు బావమరిది.

పొద్దున్న వేళ తప్పిన ఓదార్పు, ఇప్పుడు చోటు తప్పింది. ఆ రోజు ధర ఆయన చేతిలో లేదు. మార్కెట్‌కి ఎంత సరుకొచ్చింది, ఒడిశా, బెంగాల్ వైపు నుంచి ఎంత గిరాకీ ఉంది, అన్నదాన్ని బట్టి అది తేలుతుంది. అక్కడ "కిందటేడు కంటే నయం" అనుకోవడమే మందు. రంగు సంగతి వేరు. ఆలిసన్ ట్రాయ్ బృందం 2013లో గమనించింది ఈ తేడానే. మన చేతిలో లేని కష్టంలో, అర్థం మార్చి చూడగల నేర్పున్నవాళ్లు తక్కువ కుంగిపోయారు. చేతిలో ఉన్న కష్టంలో అదే నేర్పున్నవాళ్లలో కుంగుబాటు ఎక్కువ కనిపించింది. సరిచేసుకోగలిగినదాన్ని కూడా రాత అని సమాధానపడితే ఆ కష్టం అక్కడే ఉండిపోతుంది కదా!

అందుకని ఇక్కడ ఓదార్చకండి, అడగండి. యూరియా ఎప్పుడు వేశారు?

"పైరు ముదిరేక ఇంకోపాలి ఏసేను" అన్నాడు మడ్డి తీస్తూనే.

కొట్టిన చెరకు ఎన్నాళ్లుంది?

"రెండ్రోజులు. గానుగ వంతు రానేదు."

ఆలస్యంగా పడిన నత్రజనీ, కొట్టాక ఆడకుండా నిలవున్న చెరకూ, రెండూ రసాన్ని చెడగొట్టి బెల్లం రంగు దించేవే. నేలలో ఉప్పుంటే అదీ తోడవుతుంది.

"హైడ్రోసు మందు ఏసెస్తే పసుపొచ్చెస్తాది కదా బావా" అన్నాడు బావమరిది.

"మన పిల్లలూ ఈ బెల్లమే తింతారురా" అన్నాడాయన, కోపంగా కాదు. పాకం ఇంకోసారి నలిపి చూసి, మీ వైపు తిరిగాడు. అనకాపల్లిలో చెరకు పరిశోధన కేంద్రం 1913 నుంచీ ఉంది, ఆయన ఎన్నోసార్లు దాని మీదుగానే వెళ్లి ఉంటాడు. పొలం మట్టిని అక్కడ చూపించమని చెప్పండి.

"మట్టి ఎంత తేవాలంటారు? ఒకచోటిది సాల్తాదా?"

"నాలుగైదు చోట్ల తవ్వి కలపాలి."

"అయితే రేపు తవ్వుతాను. ఒరే, పార ఎవరింట్లో ఉంది?"